కాజా లేని చొక్కా

"ఒంటికాలి మీద గెంతకపోతే ఇప్పుడేం కొంప మునిగింది? అదేమన్నా సర్కసులో చేరుతుందా?" అంది పెద్దావిడ.

"సర్కసులో కాదు అత్తయ్యా, బళ్ళో చేరింది. అక్కడ ఇవాళ అందరి ముందూ బట్టలు తడుపుకుంది," అంది కోడలు.

ఆ మాటతో పెద్దావిడ నోటికి కాసేపు తాళం పడింది. కాసేపే. ఆవిడ నోరు ఎక్కువసేపు మూతపడి ఉండడం ఆ ఇంటి చరిత్రలో లేదు.

బడివాళ్ళు ఇచ్చిన కాగితం బల్ల మీద పడి ఉంది. మధ్యాహ్నం నుంచి అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారి మారి నలిగిపోయింది. ఒంటికాలి మీద గెంతడం, నేల మీది గీత వెంట నడవడం, బంతి పట్టుకోవడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, గుండీలు పెట్టుకోవడం, విప్పుకోవడం. నాలుగున్నరేళ్ళ పిల్లకి వచ్చి ఉండాల్సిన పనులట. పది గళ్ళుంటే రెండింట్లోనే టిక్కు పడింది. ఆ రెండూ కూచున్నచోట కూచుని చేసేవే.

మాస్టారు గుమ్మంలో నిలబడి టేపు చుడుతున్నాడు. వీధిలో అందరికీ ఆయన మాస్టారే. బడిపంతులు కాదు, దర్జీ. ఇంటి ముందుగదే నలభై ఏళ్ళుగా ఆయన దుకాణం. టేపు చుట్టడం ఎప్పుడో అయిపోయింది. విప్పి మళ్ళీ చుడుతున్నాడు. కుడిచేతికి ఏదో ఒక పని పెడితే దాని వణుకు ఎవరి కంటా పడదని రెండున్నరేళ్ళుగా ఆయన నేర్చుకున్న విద్య అది.

ఆయన వెనక, ముందుగదిలో, ఎత్తైన కటింగ్ బల్ల మీద మనవరాలు గోడవైపు తిరిగి కూచుంది. బడి నుంచి వచ్చినప్పట్నుంచీ నోట్లోంచి మాట లేదు. ఆ పిల్ల ముద్దుపేరు ఉడత. పుట్టినప్పుడు తాతే పెట్టాడు. ఉడతలా చెట్లెక్కడం దేవుడెరుగు, మెట్లు దిగాలంటే ఇప్పటికీ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి ఆగి దిగుతుంది.

"అసలు ఏం జరిగిందో సరిగ్గా చెప్పు. పొడి పొడిగా చెప్తే నాకు అర్థం కాదు," అంది పెద్దావిడ.

"ఎన్నిసార్లు చెప్పాలి? నీళ్ళ సీసా ఒలికి గౌను తడిసింది. ఆయమ్మ బళ్ళో ఉన్న నిక్కరు ఒకటి తొడిగింది. దానికి నడుము దగ్గర గుండీ ఉంది. అంతే. అవసరమై బాత్‌రూముకి పరుగెత్తింది. గుండీ విప్పుకోవడం రాలేదు. లాగింది, పీకింది, ఎవర్నీ పిలవలేదు. ఆఖరికి అక్కడే నిలబడి..." కోడలు ఆగింది. "పిల్లలంతా నవ్వారట. నేను వెళ్ళేసరికి మూల నిలబడి ఉంది. నన్ను చూసి కూడా ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది."

మాస్టారు చేతిలో టేపు ఆగిపోయింది. గుండీ అన్న మాట ఆ ఇంట్లో ఎవరన్నా సరే, గుమ్మడికాయల దొంగలా ఆయన భుజాలు తడుముకుంటాడు. గభాలున చెయ్యి జేబులోకి తోశాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అని అందుకుంది పెద్దావిడ. "తొమ్మిది నెలల పసిగుడ్డుని వదిలేసి డెయిరీకి పరుగెత్తావు. తెల్లారకుండానే పోతావు, పొద్దు వాలాక వస్తావు. ఊళ్ళోవాళ్ళ పాలల్లో నీళ్ళున్నాయో లేదో పరీక్ష చేస్తావు గానీ, నీ పిల్ల కాళ్ళల్లో బలముందో లేదో ఎప్పుడన్నా చూశావా?"

"నేను లేనప్పుడు పిల్ల అడవిలో లేదు కదా అత్తయ్యా. ఈ ఇంట్లోనే ఉంది. మీరున్నారు, మామయ్యగారున్నారు."

"అంటే తప్పు మాదంటావా? పెంచిన చేతులకే ముళ్ళు గుచ్చుతావా?"

"నేనెవరి తప్పనీ అనలేదు."

"అనక్కర్లేదమ్మా. మొహం చూస్తే చాలు."

ఈ మాటల మధ్య కొడుకు వచ్చాడు. మందుల షాపులో పొద్దుట్నుంచి నిలబడి నిలబడి ఉన్నవాడు, చెప్పులు విప్పుతూనే రెండు మొహాలూ చూసి, ఎటూ కాకుండా మధ్యలో ఉన్న కుర్చీలో కూచున్నాడు. పుట్టినప్పట్నుంచీ వాడంతే. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. వాడు గోడ మీదే కాపురం పెట్టాడు.

కాగితం తీసి చదివాడు. తిరగేసి వెనక కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

"టీచరమ్మ ఏమంటుంది?" అన్నాడు.

"పిల్లలో లోపం ఏమీ లేదంది. కాళ్ళకి నేల లేదు, చేతులకి పని లేదు, అంతే అంది. నేల మీద వదలమంది. పరుగెత్తనివ్వమంది, ఎక్కనివ్వమంది, పడితే పడనివ్వమంది. అరగంట పట్టినా సరే, తన గుండీ తనే పెట్టుకోవాలంది. అలా చేస్తే ఆర్నెల్లలో తోటిపిల్లల్ని అందుకుంటుందట. లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే తరగతిలో కూచోబెడతారట."

"మరి ఇంకేం, మంచిదేగా. ఎవరో ఒకరు ఇంట్లో ఉండి చూసుకుంటే సరి."

"ఎవరో ఒకరు అంటే ఎవరండీ?"

కొడుకు కాగితాన్ని మళ్ళీ తిరగేశాడు.

జవాబు ఆ గదిలో అందరికీ తెలుసు. రేపు పదకొండింటికల్లా కోడలు డెయిరీలో ఒక సంతకం పెట్టాలి. పెడితే ల్యాబుకి ఆవిడే పెద్ద. ఎనిమిదేళ్ళు గాజు గొట్టాల ముందు నిలబడి సంపాదించుకున్న కుర్చీ అది. కూచోవడానికి ఒక కుర్చీ ఇస్తామన్నారండీ అని పోయిన వారమే మొగుడితో చెప్పి చిన్నపిల్లలా నవ్వింది. ఇంట్లో ఆవిడ అలా నవ్వగా మాస్టారు వినడం అదే మొదలు.

"టీచరమ్మ ఇంకో మాట అడిగింది," అంది కోడలు, ఈసారి గుమ్మం వైపు తిరిగి. "ఇంట్లో పిల్లకి నేల ఎందుకు లేదండీ అని. నా దగ్గర సమాధానం లేదు. మామయ్యా, మీరు చెప్పండి. బళ్ళో చేరేవరకూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అది మీ దగ్గరేగా ఉండేది. దాన్ని కిందికి ఎందుకు దింపరు మీరు?"

అందరూ ఆయనవైపు చూశారు. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఏముందమ్మా," అన్నాడు చివరికి. "దర్జీ కొట్టు. కింద గుండుసూదులుంటాయి. కాలికి గుచ్చుకుంటాయని బల్ల మీద కూచోబెడతా."

"మరి గుండీలు? దాని బట్టలన్నీ మీరే కుడతారు. పైన గుండీలు కనబడతాయి, లోపల టిచ్ బటన్లు. ఒక్క దానికీ కాజా లేదు."

"పసిది కదా. లేత వేళ్ళు. కాజాలో గుండీ దూర్చాలంటే నొప్పి పుడుతుందని... ముద్దుకొద్దీ వేశా."

అబద్ధం కాదు. నిజమూ కాదు. పైకి గుండీ, లోపల టిచ్ బటన్.

"విన్నావుగా?" అంది పెద్దావిడ. "ప్రేమకొద్దీ చేశాడు. కన్నతల్లికి లేని తీరిక తాతకుంది. దానికి కూడా వంక పెడతావా?"

మాస్టారు తల దించుకున్నాడు. తన బదులు ఇంకొకరు దెబ్బలు తింటుంటే నిలబడి చూడడం ఎంత సులభమో ఆయనకి ఆ వయసులో తెలిసొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ నేలకి అంతకుముందు చాలా మంచి పేరుండేది. కొడుకు పాకింది, నడిచింది, పడి లేచింది ఆ నేల మీదే. దుకాణం కట్టేశాక మాస్టారు అయస్కాంతం పట్టుకుని మూలమూలలా తిరిగేవాడు. దర్జీ కొట్టులో సూది చేతిలో ఉండాలి, సూదుల దిండుకి ఉండాలి, కింద ఉండకూడదు అనేవాడు. ఉడతకి రెండేళ్ళు నిండిన నెలలో కుడిచేతి బొటనవేలు దానంతట అది ఆడడం మొదలైంది. తరవాత చూపుడువేలు. సూదులు జారిపోసాగాయి. జారిన సూదిని గోటితో పైకి లేపడం చేత కాలేదు. రోజుకి ఎన్ని జారుతున్నాయో చూసుకోవాలంటే భయమేసి అయస్కాంతం సొరుగులో పడేశాడు. ఒకరోజు అలా జారిందే పిల్ల మోకాలికి గుచ్చుకుంది. ఆ రోజు ఎత్తి బల్ల మీద కూచోబెట్టినవాడు మళ్ళీ దింపలేదు.

కంచం దగ్గర చెయ్యి వణికితే పెద్దావిడ వయసు అంది. ఆయన కూడా వయసే అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది. ఆ చెయ్యి ఇక కాజా కుట్టలేదని మాత్రం ఆవిడకి తెలియదు. ఖాతాదార్ల చొక్కాలు సంచిలో దాచి, షికారు పేరు చెప్పి, వెనకవీధి కాజా మిషనువాడికి ఇచ్చి వస్తున్నాడనీ తెలియదు. మనవరాలి బట్టలు కూడా అక్కడికే ఇవ్వొచ్చుగా? ఇవ్వలేడు. నా మనవరాలి ఒంటి మీద మిషను కాజా పడనివ్వను, నా చేత్తో కుట్టిన కాజాయే అని పిల్ల పుట్టినప్పుడు వీధంతా వినేలా అన్నాడు. మిషను కాజా ఏదో చేతికాజా ఏదో పెద్దావిడ చీకట్లో తడిమి చెప్పగలదు. అందుకే టిచ్ బటన్లు. పరువుకి కుట్టిన అతుకులు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. రెండేళ్ళుగా మాస్టారు తన చొక్కాలు తనే ఉతుక్కుంటున్నాడు, తనే ఆరేసుకుంటున్నాడు. ముసలితనంలో మొగుడికి బుద్ధొచ్చిందని పెద్దావిడ పక్కింటావిడ దగ్గర చెప్పుకుని మురిసిపోయింది.

చెప్పెయ్యొచ్చు. చెప్తే ఏమవుతుందో కూడా ఆయనకి తెలుసు. ఆ ముందుగది కొరియరు వాళ్ళకి ఇచ్చేద్దాం నాన్నా అని కొడుకు ఏడాదిగా అంటున్నాడు. చేతి సంగతి తెలిసిన రోజే కత్తెర అటకెక్కుతుంది. చెయ్యి వణికే ముసలివాడి దగ్గర పసిపిల్లని ఎవరు వదులుతారు? పనీ పోతుంది, పిల్లా పోతుంది. అవి రెండూ తీసేస్తే మాస్టారు అనే మనిషిలో మిగిలేది ఒక టేపు.

"సరే మామయ్యా," అంది కోడలు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒక్క పని చేసిపెట్టండి. రేపు పొద్దుటికి దానికో చొక్కా కుట్టండి. నిజం కాజాలతో. పెద్ద గుండీలు పెట్టండి, ఐదు చాలు. దగ్గర కూచుని నేనే నేర్పిస్తా."

"ఐదేంటమ్మా, ఏడు పెడతా," అనేసింది మాస్టారు నోరు. చెయ్యి ఆ మాట విని జేబులో ఇంకాస్త వణికింది.

"ఆయనకి కాజా ఒక లెక్కా!" అంది పెద్దావిడ.

"నువ్వు డెయిరీ సంగతి ఆలోచించుకో మరి," అన్నాడు కొడుకు పెళ్ళాంతో, లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోతూ.

"ఆలోచించాల్సింది నేనే. మానెయ్యాల్సింది నేనే. మీరంతా సాక్షులు," అంది కోడలు.



*

మర్నాడు కోడలు తొమ్మిదింటికి బయల్దేరింది. ఉడతని బడికి పంపలేదు. వెళ్తూ ముందుగదిలో ఆగి, పిల్ల తల నిమిరి, మాస్టారు వైపు చూసింది.

"వచ్చేసరికి అయిపోతుందా మామయ్యా?"

"నువ్వు వెళ్ళు, అయిపోతుంది," అన్నాడాయన.

మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు పోయాక మాస్టారు తెర లాగాడు. చొక్కా ఒళ్ళంతా అప్పటికే కుట్టి ఉంది. నీలం రంగు గుడ్డ, చిన్న కాలరు. మిషను మీద పని ఇంకా బాగానే సాగుతుంది. అక్కడ కాళ్ళున్నాయి, ఎడమచెయ్యి ఉంది. కాజా దగ్గర మాత్రం ఎవరూ సాయం రారు. గీతకి సరిగ్గా కొయ్యాలి. కోసిన అంచు పీచు రాకముందే దారంతో చుట్టూ ముడులు వేసుకుంటూ రావాలి. ఒకప్పుడు మాటల్లో మాటగా, రోడ్డు మీద పోయేవాళ్ళని చూస్తూ కుట్టేవాడు.

సుద్దతో ఏడు గీతలు గీశాడు. వాటిని చూసి రెండు చెరిపేశాడు.

మొదటిది కోస్తుంటే కత్తెర గీత దాటి పోయింది. రెండోది దాటలేదు, కానీ వంకర పోయింది. సూది పట్టుకున్నాడు. అంచులో గుచ్చాల్సిన సూది వేల్లో గుచ్చుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టుని బల్లకి అదిమి పట్టి మళ్ళీ ప్రయత్నించాడు. మూడో కన్నం, నాలుగో కన్నం. ఐదోది కోసేసరికి గుడ్డ ఎలకలు కొట్టినట్టయింది. నీలం మీద రెండు చోట్ల నెత్తురు. వెనకవీధి మిషనువాడు పదకొండు దాటితే గానీ తలుపు తియ్యడు. తీసినా ఈ కన్నాలకి వాడు మాత్రం ఏం చేస్తాడు?

చొక్కా ఉండ చుట్టి బల్ల కిందికి విసిరేశాడు.

"తాతా," అంది ఉడత.

నిన్న మధ్యాహ్నం తరవాత అదే దాని మొదటి మాట. బల్ల చివర కూచుని మొదట్నుంచీ చూస్తూనే ఉంది.

"నీక్కూడా రాదా?"

మాస్టారు వేలికి అంటిన నెత్తురు తుడుచుకున్నాడు. "ఒకప్పుడు వచ్చేదమ్మా."

"మర్చిపోయావా?"

"నేను మర్చిపోలేదు. చెయ్యి మర్చిపోయింది."

ఉడత ఆ చేతిని కాసేపు పరీక్షగా చూసింది. "నిన్ను చూసి అందరూ నవ్వారా?"

"నవ్వుతారని ఎవరికీ చూపించలేదు."

"నేను చూపించలేదు. వాళ్ళే చూశారు," అంది ఉడత.

మాస్టారుకి కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. రెండున్నరేళ్ళలో ఎవరి దగ్గరా అనని మాట ఆ పసిదాని దగ్గర అన్నాడు. అది నవ్వలేదు, భయపడలేదు, కొరియరు వాళ్ళ మాట ఎత్తలేదు. ఇంత చిన్న ప్రాణి చేసిన న్యాయం తను దానికి చెయ్యలేదని ఆయనకి తెలిసొచ్చింది.

లేచాడు. సొరుగులోంచి పాత అయస్కాంతం తీశాడు. మోకాళ్ళ మీద కూచుని, మిషను కిందా, బల్ల కిందా, మూలలూ, గడప వెనకా, గది మొత్తం తుడిచాడు. అయస్కాంతానికి గడ్డం మొలిచినట్టు సూదులు అంటుకున్నాయి. ఇన్ని సూదుల మధ్య తను ఇన్నాళ్ళూ ఎలా నడిచాడో ఆయనకే అర్థం కాలేదు. ఆఖరిసారి అరచేతులతో నేలంతా తడిమి చూసుకుని, ఉడతని ఎత్తి కిందికి దింపాడు.

పిల్ల బల్ల కోడు పట్టుకుని నిలబడింది. చల్లగా తగిలిందేమో, కాలివేళ్ళు ముడిచింది.

"గెంతు," అన్నాడు మాస్టారు.

"పడతాను."

"పడు. నేను కూడా పడతాలే."

ఉడత ఒక కాలు ఎత్తింది. ఊగింది. కూలబడింది. తాత మొహం చూసి, ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక, నవ్వింది. మళ్ళీ లేచింది. ఈసారి రెండో కాలు నేల మీంచి ఒక వేలెడు లేచి వచ్చింది. అది గెంతో కాదో బడివాళ్ళు చెప్పాలి. మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టాడు.

తరవాత సుద్ద తీసుకుని నేల మీద గీత గీశాడు. గడప నుంచి తన స్టూలు దాకా. నిటారుగా గీద్దామనే అనుకున్నాడు. చెయ్యి ఒప్పుకోలేదు. వంకర్లు తిరుగుతూ వచ్చింది. ఉడత దాని మీద పాదం వెంట పాదం పెట్టి, చేతులు రెండూ చాచి, ప్రతి వంకరా వదలకుండా నడిచింది. ఒక్క దగ్గర కూడా తప్పలేదు. తాత చెయ్యి ఎక్కడెక్కడ వణికిందో అక్కడల్లా పిల్ల పాదం తిరిగింది.

మాస్టారు అప్పుడే నిశ్చయించుకున్నాడు. కోడలు రాగానే చెప్పెయ్యాలి. అమ్మా, తప్పు నీది కాదు, నాది, అనాలి. ముందు ఆ ఒక్క ముక్క అనేస్తే తక్కినవి అవే వస్తాయి. ఆ ముక్కనే పెదాల మీద నాలుగుసార్లు తిప్పుకున్నాడు. పోతే పోనీ కత్తెర. పదకొండు లోపు వెళ్ళి ఆపుదామని గోడ గడియారం వంక చూశాడు. పదకొండున్నర.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

కోడలు తెర తీసుకుని లోపలికొచ్చింది. నేల మీద నిలబడ్డ కూతుర్ని చూసి ఒక్కక్షణం ఆగింది. మొహం కొద్దిగా విప్పారింది. సంచి స్టూలు మీద పెట్టింది.

"అమ్మా..." అన్నాడు మాస్టారు.

"రాసిచ్చేశాను మామయ్యా," అంది ఆవిడ. "ల్యాబు పెద్ద పని వద్దంటే పాత పనిలోనూ వేళలు మారతాయన్నారు. ఇక ఎందుకని రెండూ వద్దని రాసేశాను. మేనేజరు లేడు. కాగితం ఆయన బల్ల మీద పెట్టి వచ్చా. మూడింటికి వచ్చి చూస్తాడట."

మాస్టారు పెదాల మీదున్న ముక్క అక్కడే ఆగిపోయింది.

ఆ క్షణంలో ఆయనకి కలగాల్సింది దుఃఖం. కలిగింది మాత్రం ఊరట. ఇక తల్లి ఇంట్లో ఉంటుంది. పిల్లకి నేర్పుకుంటుంది. ఇక ఎవరూ ఏమీ అడగరు. అమ్మయ్య అని గుండె లోపల ఎవడో ఊపిరి పీల్చుకున్నాడు. వాడు తనే అని మాస్టారుకి తెలుసు.

"చొక్కా అయిందా?" అంది కోడలు.

"దారం... ఆ రంగు దారం దొరకలేదమ్మా. సాయంత్రానికి..."

ఆవిడ తల ఊపింది. కొత్తగా బాధపడడానికి ఆవిడలో చోటు లేనట్టుంది. స్టూలు పక్కన గోడకి ఆనుకుని నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. పనిరోజున ఆ వేళప్పుడు ఇంట్లో ఉండడం ఆవిడకే వింతగా ఉన్నట్టుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకుంది.

తల్లి మొహం చూసిన ఉడతకి ఏం అర్థమైందో ఏమో.

"అమ్మా, నాకు గుండీలొచ్చు. చూపించనా?"

"వద్దులే తల్లీ. తరవాత నేర్పిస్తా."

"వచ్చు!"

సుద్దగీత మీద పాదం వెంట పాదం పెట్టుకుంటూ తాత దగ్గరికి వెళ్ళింది. మాస్టారు దాన్ని ఎత్తుకోవడానికని వంగాడు. అది ఆయన చొక్కా కింది అంచులు రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది.

టిక్, టిక్, టిక్, టిక్, టిక్. చొక్కా కింది నుంచి మెడ దాకా బార్లా తెరుచుకుంది.

"తాతది కూడా నాలాంటిదే!" అంది ఉడత, గెలిచిన మొహంతో.

కోడలు చూసింది. పై పట్టీ మీద తెల్లటి గుండీలు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. వాటి కింద ఒక్క కాజా లేదు. నలభై ఏళ్ళు కాజాలు కుట్టిన మనిషి చొక్కాకి కాజా లేదు.

తరవాత ఆవిడ చూపు మెల్లిగా గదంతా తిరిగింది. బల్ల మీద సూదులతో గడ్డం పెంచిన అయస్కాంతం. నేల మీద వంకర గీత. బల్ల కింద నీలం రంగు ఉండ. వంగి దాన్ని తీసింది. విప్పింది. ఐదు కన్నాలూ, నెత్తుటి మరకలూ వెలుతురుకి పట్టుకుని చూసింది. పాలల్లో నీళ్ళు కనిపెట్టే కళ్ళు అవి. అంతకంటే ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళయింది మామయ్యా?"

"ఉడతకి రెండేళ్ళు నిండినప్పట్నుంచి."

"అప్పట్నుంచేగా దీన్ని బల్ల మీద కూచోబెడుతున్నారు."

"అప్పట్నుంచే."

"నిన్న అందరి ముందూ అడిగాను. మీరు చెప్పండి అని అడిగాను."

"అడిగావమ్మా."

"అత్తయ్య నన్ను అన్న మాటలన్నీ నిలబడి విన్నారు."

మాస్టారు తల ఊపాడు. కోడలు అరిస్తే బాగుండుననిపించింది. ఆవిడ అరవలేదు. చిరిగిన చొక్కాని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది, ఇస్త్రీ చేసి ఇచ్చే బట్టంత జాగ్రత్తగా.

లోపలి గుమ్మంలో పెద్దావిడ ప్రత్యక్షమైంది. తడిచేతులు తుడుచుకుంటోంది.

"వచ్చావా? ఏం తేల్చావు? మానేశావా?"

"మానేశాను అత్తయ్యా."

"పోనీలే. ఇన్నాళ్ళకి తల్లివనిపించుకున్నావు. ఆ పని రెండేళ్ళ కిందటే చేసుంటే పిల్లకి ఈ గతి పట్టేదా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇదంతా ఎవరి వల్ల వచ్చిందో నేను నిన్ననే చెప్పా." ఆవిడ చూపు మొగుడి మీద పడింది. "అదేంటి, ఆ చొక్కా అలా తెరుచుకుని నిలబడ్డావు, పిల్ల ముందు?"

కోడలు అత్తగారి వైపు తిరగలేదు. మామగారు వీపు వెనక దాచుకున్న కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ముందుకి తెచ్చింది. కటింగ్ బల్ల మీద, కిటికీ వెలుతురు పడేచోట, మడత పెట్టిన నీలం చొక్కా పక్కన పెట్టి వదిలేసింది. టేపు లేదు, సుద్ద లేదు, జేబు లేదు. ఒట్టి చెయ్యి బల్ల మీద టకటకమని కొట్టుకుంటోంది.

గడియారంలో పన్నెండు కావొస్తోంది. మేనేజరు వచ్చేది మూడింటికి. అప్పటిదాకా బల్ల మీది ఆ కాగితం ఎవరూ చూడరు.

"మీరు చెప్పండి మామయ్యా," అంది కోడలు.

పెద్దావిడ చేతులు తుడుచుకోవడం ఆపింది. కింద ఉడత మాత్రం తాత చొక్కా మళ్ళీ మూసెయ్యడానికి తంటాలు పడుతోంది. పైదాన్ని కిందిదానికి పెట్టి, నాలిక బయటపెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కుతోంది. అది పడడం లేదు.